పశ్చాత్తాపం తర్వాత కూడా ఆంక్షలా?

షాబాన్ నెలలో ఒక జుమా రోజు వర్నిలో నమాజు ముగిశాక ఒక పెద్దాయన మమ్మల్ని పక్కకు పిలిచారు. హజ్ చేసి వచ్చిన మనిషి. అందరూ హాజీ సాబ్ అనే పిలుస్తారు. కొన్నేళ్ల క్రితం ఆయన అమెరికాలో ఉంటున్న కొడుకు దగ్గరికి వెళ్లి మూడు నెలలు ఉండి వచ్చారు. మిస్సోరీ రాష్ట్రంలో సెయింట్ లూయిస్ నగరం పక్కన వారి ఇల్లు. అక్కడ చూసిన ఒక సంగతి ముల్లులా మనసులో ఉండిపోయిందని చెప్పారు.

అక్టోబర్ 31 సాయంత్రం ఆ దేశంలో పిల్లలు వేషాలు కట్టుకుని ఇంటింటికీ వెళ్లి మిఠాయిలు అడుగుతారు. దాన్ని హాలోవీన్ అంటారు. మన నిజామాబాద్ వైపు హోలీ రోజుల్లో పిల్లలు జాజిరి పాడుతూ గడప గడపకూ తిరుగుతారే, ఇంచుమించు అలాగే. ఆ పండుగ మన ధర్మంలోనిది కాదు, దాని మంచిచెడ్డలు ఇక్కడ మా విషయమూ కాదు. ఆ సాయంత్రం వీధంతా దీపాలతో వెలిగిపోతుంటే ఒక్క ఇల్లు మాత్రం చీకటిగా ఉందట. తలుపు మీద ఒక కాగితం అంటించి ఉందట. ఈ ఇంట్లో మిఠాయిలు ఇవ్వబడవు అని దాని సారాంశం. ఎందుకని అడిగితే కొడుకు గొంతు తగ్గించి చెప్పాడు: ఆ ఇంటాయన ఎప్పుడో ఒక చిన్నపిల్ల పట్ల అకృత్యానికి పాల్పడి జైలుకు వెళ్లి వచ్చాడు, ఆ కాగితం పెట్టడం చట్టం.

"సాబ్, ఆ మనిషి శిక్ష పూర్తి చేసుకున్నాడు. ఒకవేళ నిజంగానే తౌబా చేసి ఉంటే? అల్లాహ్ క్షమించినవాణ్ణి మనం క్షమించకపోతే అది జులుం కాదా?" అని అడిగారు హాజీ సాబ్.

ఆ రోజు మేము తొందరపడి జవాబివ్వలేదు. ఇలాంటి ప్రశ్నకు మస్జిదు మెట్ల మీద నిలబడి జవాబు చెప్పడం మంచిది కాదు. ముందు ఆ చట్టమేమిటో తెలుసుకున్నాం.

మిస్సోరీ శాసనసభ 2008లో చేసిన చట్టమది. లైంగిక నేరస్థుల జాబితాలో పేరున్నవారు అక్టోబర్ 31న ఆ పండుగకు సంబంధించి పిల్లలతో ఏ సంబంధమూ పెట్టుకోరాదు. ఉద్యోగం, వైద్యం లాంటి తప్పనిసరి కారణం లేకుండా సాయంత్రం 5 గంటల నుండి రాత్రి 10.30 వరకు ఇల్లు దాటరాదు. వాకిట్లో దీపం వెలిగించరాదు. తలుపు మీద ఆ కాగితం పెట్టాలి. ఇటువంటి ఆంక్షలు ఆ దేశంలోని మరికొన్ని రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. జార్జియా రాష్ట్రంలోని బట్స్ కౌంటీలోనైతే 2018లో పోలీసు అధికారులే అటువంటి వారి ఇళ్ల ముందు బోర్డులు పాతారు. 2022 జనవరిలో అప్పీలు కోర్టు దాన్ని తప్పుపట్టింది. ప్రభుత్వం చెప్పదలచిన మాటను ఒక మనిషి సొంత వాకిట్లో బలవంతంగా నిలబెట్టడం రాజ్యాంగ విరుద్ధమని ఆ తీర్పు. మిస్సోరీ చట్టంలో కాగితం అంటించే నిబంధన కూడా రాజ్యాంగ విరుద్ధమేనని 2024 అక్టోబర్‌లో అక్కడి ఫెడరల్ జిల్లా న్యాయస్థానం చెప్పింది. హాజీ సాబ్ చూసి వచ్చిన కాగితం మీద సముద్రం అవతల కూడా వాదం నడుస్తూనే ఉందన్నమాట.

ఈ చట్టాలు గాలిలోంచి ఊడిపడినవి కావు. 1994లో న్యూజెర్సీ రాష్ట్రంలో మేగన్ అనే ఏడేళ్ల పాపను ఎదురింటి మనిషే పాడుచేసి చంపాడు. అతడు అంతకుముందే పిల్లలపై నేరాలకు శిక్ష పడినవాడు. ఆ సంగతి పాప తల్లిదండ్రులకు తెలియదు. తెలిసి ఉంటే పిల్లను ఆ గడప తొక్కనిచ్చేవాళ్లమా అని వారు అడిగిన ప్రశ్నలోంచే ఆ పాప పేరు మీద చట్టం పుట్టింది. ఆ తల్లి భయాన్ని తేలికగా తీసుకునే హక్కు మనకెవరికీ లేదు.

ఇక ధర్మం సంగతి. మనలో చాలామందికి ఇక్కడే ఒక పొరపాటు జరుగుతోంది. తౌబా అంటే గతాన్ని పలక మీది రాతలా తుడిచేయడమనీ, తుడిచాక ఎవరూ ఏమీ అనరాదనీ, అన్నీ మునుపటిలాగే ఉండాలనీ అనుకుంటాం. తౌబా దాసునికీ అతని ప్రభువుకూ మధ్యనున్న వ్యవహారం. దాసుల హక్కులు, అంటే హుఖూఖుల్ ఇబాద్, వేరు. అప్పు ఎగ్గొట్టినవాడు ఎంత ఏడ్చి దుఆ చేసినా అప్పు తీరదు కదా! ఒక పసిపిల్ల మనసులో విరిగిపోయినదాన్ని అప్పు తిరిగి చెల్లించినట్టు చెల్లించడం కూడా కుదరదు. అందుకే ఈ నేరం మిగతా పాపాల్లాంటిది కాదు.

హజ్రత్ వహ్షీ (రజి) గారి వృత్తాంతం మన ఇళ్లల్లో అందరికీ తెలిసినదే. ఉహద్ యుద్ధంలో దైవప్రవక్త (స) గారి బాబాయి హజ్రత్ హమ్జా (రజి)ను బల్లెంతో చంపినవాడు. తరువాత ఇస్లాం స్వీకరించి దైవప్రవక్త సన్నిధికి వచ్చాడు. ఆయన స్వీకారం తిరస్కరించబడలేదు. ప్రతీకారం తీర్చుకోబడలేదు. ఆయన విశ్వాసుల్లో ఒకడయ్యాడు, సహాబీ అయ్యాడు. అయినా దైవప్రవక్త (స) ఆయనను ఒక మాట అడిగారు: వీలైతే నా కళ్ల ముందుకు రాకుండా ఉండగలవా అని. వహ్షీ (రజి) దైవప్రవక్త జీవించి ఉన్నంత కాలం అలాగే దూరంగా ఉండిపోయారు. తరువాత యమామా యుద్ధంలో అబద్ధ ప్రవక్త ముసైలమాపై అదే బల్లెం విసిరి ధర్మానికి సేవ చేశారు.

ఈ వృత్తాంతాన్ని మనం ఎప్పుడూ క్షమాగుణానికి ఉదాహరణగానే చెప్పుకుంటాం. అందులో రెండో సగం ఉంది. సర్వ మానవాళికి కారుణ్యంగా పంపబడిన మహనీయులే క్షమించి కూడా దూరం కోరారు. ఆ దూరం క్షమకు విరుద్ధం కాలేదు. దెబ్బతిన్న గుండెకు ఉన్న హక్కు అది. మరి ఆ హక్కు ఒక చిన్నపిల్లకు ఉండదా?

ఇంకొక సంఘటన ఉంది. మదీనాలో ఒక వ్యక్తి ఉండేవాడు. అతనికి స్త్రీల పట్ల కోరిక లేదని భావించి ఇళ్లలోకి రానిచ్చేవారు. ఒకరోజు అతడు ఒక స్త్రీ శరీరాన్ని వర్ణిస్తుండగా దైవప్రవక్త (స) విన్నారు. ఇక మీదట ఇతణ్ణి లోపలికి రానివ్వవద్దని ఆజ్ఞాపించారు. ఇంటి లోపలికి ప్రవేశం నమ్మకం మీద ఇచ్చినది, నమ్మకం సడలితే తలుపు మూసుకుంటుంది. అయితే సంగతి అక్కడితో ఆగలేదు. ఊరి బయట ఉంటున్న అతడు ఆకలితో చనిపోతాడని ఎవరో చెప్పగా, వారంలో నిర్ణీత వేళ వచ్చి ఆహారం అడిగి తీసుకుని తిరిగి వెళ్లడానికి అనుమతి లభించిందని అబూదావూద్ సంకలనంలో ఉంది. ఆంక్ష విధించినవారే అతని కడుపు గురించీ ఆలోచించారు. మా దృష్టిలో ఈ చర్చ మొత్తానికీ కొలబద్ద ఇదే. పిల్లల గది తలుపు మూయాలి, అన్నం తినే దారి మూయరాదు.

"అల్లాహ్ క్షమిస్తే మీరెవరు?" అనేవారికి హజ్రత్ అబూజర్ గిఫారీ (రజి) గారిని గుర్తు చేస్తాం. సత్యసంధతలో ఆయనకు సాటి లేదు. ఏ నేరమూ చేసినవారు కాదు. అయినా దైవప్రవక్త (స) ఆయనను అధికార పదవి తీసుకోవద్దనీ, అనాథల ఆస్తికి కూడా బాధ్యుడిగా ఉండవద్దనీ ప్రేమగా వారించారు. అది ఆయనకు అవమానం కాలేదు. అమానత్ ఎవరికి ఇవ్వాలనేది ఎవరు స్వర్గవాసి అనే ప్రశ్న కాదు. స్వర్గం అల్లాహ్ చేతిలో ఉంది. పిల్లలు మన చేతిలో ఉన్నారు.

మన ఫిఖహ్ గ్రంథాల్లో కూడా ఇదే విచారణ వేరే రూపంలో జరిగింది. శీలవతిపై నింద మోపి నలుగురు సాక్షులను తేలేనివాడికి 80 కొరడా దెబ్బలనీ, అతని సాక్ష్యం ఇక చెల్లదనీ సూరె నూర్ ఆదేశం. వెంటనే పశ్చాత్తాపపడి దిద్దుకున్నవారికి మినహాయింపు ఉంది. ఆ మినహాయింపు దేనికి? ఇమామ్ మాలిక్, ఇమామ్ షాఫయీ, ఇమామ్ అహ్మద్ (రహ్మ) తౌబా చేస్తే సాక్ష్యం తిరిగి చెల్లుతుందన్నారు. మన ప్రాంతంలో ఎక్కువమంది అనుసరించే ఇమామ్ అబూహనీఫా (రహ్మ) మాత్రం, తౌబా వల్ల అతనిపై ఉన్న పాపి అనే ముద్ర పోతుంది, సాక్ష్యం మాత్రం జీవితాంతం చెల్లదన్నారు. అంటే మన మస్లక్ ఇమామే ఒక మనిషిని నీతిమంతుడని ఒప్పుకుంటూ కూడా ఒక ద్వారం మూసే ఉంచడం సబబేనన్నారు. మిగతా ఇమాములు వేరే దారి పట్టారు, వారి దగ్గరా బలమైన ఆధారాలున్నాయి.  తౌబా నోటి మాటతో కాదు, దిద్దుకున్న నడవడితో తెలియాలి. దానికి కాలం పడుతుంది.

అయితే ఆ కాగితం? దాన్ని మేము సమర్థించలేం. మద్యం తాగి శిక్ష పొందిన ఒకతణ్ణి జనం శపిస్తుంటే దైవప్రవక్త (స) వారించారు. మీ సోదరునికి వ్యతిరేకంగా షైతానుకు సాయపడవద్దన్న భావం వచ్చేలా మందలించారు. శిక్ష పడ్డాక వెలివేయడం, పేరు పెట్టి పిలవడం, వాకిట్లో బోర్డు పాతడం మనిషిని మంచివాణ్ణి చేయవు. దాచుకోవడం నేర్పుతాయి. ఊరు మార్చుకుని పేరు తెలియని చోట చేరేలా చేస్తాయి. అది పిల్లలకే ఎక్కువ ప్రమాదం.

పైగా ఆ కాగితం చూపు తప్పు వైపు తిప్పుతుంది. 2009లో అమెరికాలో ఒక పరిశీలన జరిగింది. 30 రాష్ట్రాల్లో 1997 నుండి 2005 వరకు పోలీసుల దగ్గర నమోదైన, కుటుంబం వెలుపలివారు పిల్లలపై చేసిన 67 వేలకు పైగా లైంగిక నేరాలను చూశారు. హాలోవీన్ రోజుల్లో అవి పెరగలేదు. ఆంక్షలు లేని సంవత్సరాల్లోనూ పెరగలేదు, ఉన్న సంవత్సరాల్లోనూ తగ్గలేదు. ఆ రాత్రి పిల్లలకు నిజమైన ముప్పు రోడ్డు మీది కార్ల వల్లనట! ఏడాదికి ఒక సాయంత్రం చీకటి ఇంటికి కాపలా కాసి, మిగతా 364 రోజులు గుండె మీద చేయి వేసుకుని నిద్రపోతే అది కాపలా అవుతుందా?

మన దేశంలో పండుగ రోజుల ఆంక్షల చట్టం లేదు. 2012 నవంబర్ 14న అమలులోకి వచ్చిన పోక్సో చట్టం ఉంది. 2018 సెప్టెంబర్‌లో కేంద్ర హోంశాఖ లైంగిక నేరస్థుల జాతీయ జాబితాను మొదలుపెట్టింది. మొదటి రోజే అందులో 4 లక్షల 40 వేలకు పైగా పేర్లున్నాయి. దాన్ని పోలీసులు మాత్రమే చూడగలరు. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2019 డిసెంబర్‌లో ఆమోదించిన దిశ బిల్లులో అందరూ చూడదగిన జాబితా ప్రతిపాదన ఉంది, కాని ఆ బిల్లు అమలు దాకా రాలేదు. పేర్లు బయటపెట్టాలా వద్దా అన్న వాదంలో మేము పోలీసుల చేతిలో ఉంచడమే మేలంటాం. కారణం మన జిల్లాలోనే ఉంది. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని వాట్సాప్‌లో పుకార్లు చెలరేగితే, తెలంగాణలో జనం అమాయకుల మీద పడి కొట్టారు. ప్రాణాలు పోయాయి. నిజామాబాద్ జిల్లా ఆ పాపంలో పాలు పంచుకుంది. తెలియని ముఖం కనబడగానే కర్ర పట్టుకునే మనం తెలిసిన ముఖాన్ని ఎప్పుడూ అనుమానించం. జాతీయ నేర గణాంకాల సంస్థ ఏటా ప్రచురించే లెక్కల్లో పోక్సో అత్యాచార కేసుల నిందితులు పదింట తొమ్మిది మందికి పైగా బాధిత పిల్లలకు తెలిసినవారే. బంధువులు, ఇరుగుపొరుగువారు, కుటుంబ స్నేహితులు.

మన ఇళ్ల సంగతి వేరేగా చెప్పనవసరం లేదు. బోధన్, వర్ని, రుద్రూర్, కోటగిరి వైపు ఎన్ని ఇళ్లలో తండ్రి గల్ఫ్‌లో ఉన్నాడు! షక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడ్డాక ఊళ్లో పని వెదుక్కునే దారులు మరీ కుంచించుకుపోయాయి. తండ్రి రెండేళ్లకొకసారి వస్తాడు. పిల్లలు మామూల, చిచ్చాల, ఇంటి పక్కవారి నీడన పెరుగుతారు. చాలామంది ఆ పిల్లల్ని సొంత బిడ్డల్లా చూస్తారు, అల్లాహ్ వారికి ప్రతిఫలం ఇచ్చుగాక. కాని ఒక పిల్ల "ఫలానా చిచ్చా దగ్గర కూర్చోను" అని ముడుచుకుపోతే, సిగ్గు లేదా, పెద్దవాళ్లను అలా అంటారా అని గద్దిస్తాం. ఆ పిల్లకు మాట ఉంది, వినే చెవి మనకే లేదు.

పరదా, ఇంటి గౌరవం అంటూ దీన్ని కప్పిపుచ్చేవారు మన ధర్మంలోని సతర్ బోధను ఆసరా చేసుకుంటారు. తోటి ముస్లిం లోపాన్ని కప్పమన్నారు కదా అంటారు. నిజమే. తాను చేసిన పాపం తనకే నష్టం కలిగించేదైనప్పుడు కప్పాలి. మరొకరి బిడ్డ మీద పడబోయే చేతిని కప్పడం సతర్ కాదు, ఆ పాపంలో భాగస్వామ్యం. పరోక్షనింద నిషిద్ధమని అంత గట్టిగా చెప్పిన మన ఇమాములే, కీడు నుండి హెచ్చరించడానికి నోరు విప్పవచ్చన్నారు. ఇమామ్ నవవీ (రహ్మ) రియాజుస్సాలిహీన్‌లో అటువంటి ఆరు సందర్భాలు లెక్కించారు. దేశ చట్టమూ అదే చెబుతోంది. పోక్సో 19వ సెక్షను ప్రకారం ఇటువంటి నేరం గురించి తెలిసినవాడు పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోవడం కూడా నేరమే. ధార్మిక సంస్థలో, విద్యాసంస్థలో ఉన్నవాడే ఈ అకృత్యం చేస్తే చట్టం దాన్ని మరింత తీవ్రమైన నేరంగా పరిగణిస్తుంది. 2020 నాటి పోక్సో నియమాల ప్రకారం పిల్లలతో క్రమం తప్పక సంబంధం ఉండే ఏ సంస్థ అయినా తన సిబ్బంది పూర్వాపరాలను పోలీసుల ద్వారా ఎప్పటికప్పుడు విచారించుకోవాలి. మక్తబులు, వేసవి దీనీ తరగతులు నడిపే మనం ఎంతమందిమి ఆ పని చేశాం? ఉస్తాదును అనుమానించడమా అని నొచ్చుకుంటారు. అబూజర్ (రజి) నొచ్చుకోలేదు.

సూరె నూర్‌లోనే ఇంకొక ఆదేశం ఉంది. ఫజర్‌కు ముందు, మధ్యాహ్నం విశ్రాంతి వేళ, ఇషా తర్వాత, ఈ మూడు సమయాల్లో ఇంట్లో పిల్లలు కూడా అనుమతి అడిగి గదిలోకి రావాలి. మనం దీన్ని మర్యాద పాఠంగా మాత్రమే చదువుతాం. శరీరానికి, గదికి ఒక హద్దు ఉందని ఇంట్లోనే, నడక వచ్చిన వయసు నుండే పిల్లకు నేర్పే పాఠమిది. తన హద్దు ఏదో తెలిసిన పిల్ల ఆ హద్దు దాటినవాణ్ణి గురించి చెప్పగలదు.

ఇదంతా రాసుకుని మేము వారం తర్వాత హాజీ సాబ్ ఇంటికి వెళ్లాం. ఆయన చాయ్ తెప్పించి, తలుపు దగ్గరగా వేసి, అసలు సంగతి అప్పుడు చెప్పారు. ఆయన చెల్లెలి కొడుకు వేరే ఊళ్లో ఒక చిన్నపిల్ల కేసులో మూడేళ్ల శిక్ష అనుభవించి వచ్చాడు. ఇప్పుడు తల్లి దగ్గరే ఉంటున్నాడు. ఐదు పూటలా నమాజు చేస్తున్నాడు. ఈద్ రోజు మామూ ఇంటికి వస్తానన్నాడు. ఈద్ రోజు హాజీ సాబ్ ఇల్లంటే వీధిలోని పిల్లలందరికీ పండుగే. షీర్ ఖుర్మా, కొత్త నోట్ల ఈదీ. పదిమంది మనవలు, మనవరాళ్లు గదుల్లో పరుగులు తీస్తుంటారు. రావద్దంటే చెల్లెలు గుండె పగులుతుంది. రమ్మంటే... ఆయన మాట పూర్తి చేయలేదు.

వహ్షీ (రజి) గారి సంగతి చెప్పాం. మాంసం కత్తి లాంటి మాట చెప్పడానికి మాకూ నోరు రాలేదు గానీ, చెప్పక తప్పలేదు: అతడు మస్జిదుకు రావాలి, మీ పక్కనే నిలబడాలి. పిల్లలున్న ఇంట్లోకి మాత్రం రావద్దు. ఈ ఈద్‌కే కాదు. ఆ మాట ఊరివారి ద్వారా కాకుండా మీ నోటితోనే అతనికి చెప్పండి.

హాజీ సాబ్ ఫోనులో చెప్పారు. మేనల్లుడు కోపంతో ఫోను పెట్టేశాడు. రెండు రోజులు ఎత్తలేదు. మూడో రోజు తనే చేసి, ఈద్‌గాహ్‌కు ఏ వేళకు రావాలి మామూ అని అడిగాడు.

ఈద్ రోజు ఇద్దరూ ఒకే వరుసలో నమాజు చేశారు. సలాం తర్వాత అందరికంటే ముందు హాజీ సాబే అతణ్ణి కౌగిలించుకున్నారు. నలుగురూ చూశారు. తరువాత ఆయన ఇంట్లో పిల్లలకు ఈదీ పంచి, క్యారియర్ కట్టించుకుని చెల్లెలి ఇంటికి వెళ్లి, మధ్యాహ్నం భోజనం మేనల్లుడితో కలిసి తిన్నారు. బయలుదేరేటప్పుడు అతడు ఒక కవరు చేతిలో పెట్టాడట. అన్నీ కొత్త పది రూపాయల నోట్లు. పిల్లలకు ఇవ్వండి మామూ, నా పేరు చెప్పకండి అన్నాడట.

ఏం చేయమంటారని హాజీ సాబ్ సాయంత్రం మమ్మల్ని అడిగారు. పిల్లలకు పంచవద్దని, సదఖా పెట్టెలో వేయమని చెప్పాం. ఆయన చాలాసేపు కవరు వైపే చూస్తూ కూర్చున్నారు. మగ్రిబ్ నమాజుకు వెళ్లేటప్పుడు దాన్ని జేబులో పెట్టుకున్నారు.